పిల్లనివ్వని బావ

గత నెల ఒక శనివారం పొద్దున్న, డ్యూటీకి బయల్దేరుతూ బూట్లు తొడుక్కుంటుంటే అక్క ఫోన్ చేసింది. "ఒరే తమ్ముడూ, మీ బావ ఎల్లిపోనాడ్రా" అంది. గొంతులో ఏడుపు లేదు. "టిఫిను తినీసి, మాత్తర ఏసుకుని రా. ఉత్తి కడుపుతో రాకు. ఆయనుంటే ముందు అదే అడుగుతాడు" అని పెట్టేసింది. ఒక కాలికి బూటు ఉంది, ఇంకో కాలికి లేదు. అలాగే గుమ్మంలో చాలాసేపు కూర్చుండిపోయాను. తర్వాత లేచి, అక్క చెప్పినట్టే రెండు ఇడ్లీలు తిని, మాత్ర వేసుకుని వెళ్లాను.

ఆయన వయసు అరవై మూడు. కరోనాని దాటుకొచ్చిన మనిషి, చలికాలంలో ఊరంతా తిరిగే ఫ్లూ జ్వరానికి పోయాడు. అదే జ్వరం మా వీధిలో ఇంటికొకరికి వచ్చింది. వాళ్లంతా వారం రోజులు దగ్గి, కషాయాలు తాగి, లేచి తిరుగుతున్నారు. ఆయనకి పాతికేళ్లుగా షుగర్ ఉంది, కిడ్నీలు సగం దెబ్బతిన్నాయి. "జ్వరం మామూలుదేనండీ. అది వచ్చిన ఒళ్లు ముందే అలిసిపోయి ఉంది" అన్నాడు ఆస్పత్రిలో కుర్ర డాక్టరు. ఆ మాట నాకు అర్థమయ్యేలా చెప్పినందుకు ఆ అబ్బాయికి దణ్ణం పెట్టాను.

మా బావ అంటే అక్క మొగుడే కాదు, మా అమ్మకి సొంత అన్న కొడుకు కూడా. మేనరికం. సముద్రం ఒడ్డున మా ఊళ్లలో అది మామూలే. అక్క పెళ్లికి ముందూ ఆయన నాకు బావే, పెళ్లయ్యాకా బావే. నాకంటే ఆరేళ్లు పెద్దయినా ఆయన నన్ను పిలిచేదీ "బావ" అనే. మా వైపు మగాళ్లం ఒకరినొకరం అలాగే పిలుచుకుంటాం.

ఆయన సరంగు. ఫిషింగ్ హార్బర్ నుంచి వేటకి వెళ్లే మరబోటుని నడిపేవాడు, దాని మీద ఉండే ఏడెనిమిది మందికీ పెద్ద. ఒకసారి వెళ్తే పదిహేను, ఇరవై రోజులు నీళ్ల మీదే. నేను పోర్టులో క్రేను నడుపుతాను, మల్కాపురంలో ఉంటాను. క్రేను క్యాబిన్లోంచి చూస్తే బోట్లు సముద్రంలోకి పోవడం దూరంగా కనిపిస్తుంది. ఏది మా బావదో అంత దూరం నుంచి తెలిసేది కాదు. అయినా ఆయన వేటకి వెళ్లే రోజు అటు చూసేవాణ్ణి.

ముప్పై ఎనిమిదో ఏట ఆయన పాదానికి గేలం గుచ్చుకుంది. నెల దాటినా పుండు మానలేదు. వాళ్ల నాన్నకి, అంటే మా మేనమామకి, అలాంటి పుండుతోనే మోకాలి కింద కాలు తీసేశారు. అందుకని ఎవరూ చెప్పకుండానే వెళ్లి రక్తపరీక్ష చేయించుకున్నాడు. ఆ కాగితం తెచ్చి అక్క చేతిలో పెట్టి, "ఇదిగో, మా నాన్న ఆస్తి నా పేరుకి మారింది" అన్నాడట. అక్క ఆ మాట చెప్పి ఇప్పటికీ నవ్వుతుంది. ఆ రోజు మాత్రం నవ్వలేదంది.

పదేళ్లు మాత్రలతో గడిచాయి. తర్వాత ఇన్సులిన్ మొదలుపెట్టారు. చల్లగా ఉంచాలని డాక్టరు చెప్పాడు కదా, బోటు నిండా ఐసే కదా అని, మా బావ ఆ సీసాని తిన్నగా ఐసులో పాతేశాడు. అది గడ్డకట్టిపోయింది. కరిగించుకుని రోజూ పొడుచుకుంటూనే ఉన్నాడు, అది మాత్రం పనిచెయ్యలేదు. ఆ వేట నుంచి తిరిగొచ్చినప్పుడు జెట్టీ మీద ఇద్దరు పట్టుకుని దించాల్సొచ్చింది. డాక్టరు చేత చీవాట్లు తిన్నాక పద్ధతి మార్చాడు. మూతున్న చిన్న స్టీలు డబ్బాలో సీసా పెట్టి, దానికి తడి తువ్వాలు చుట్టి, ఐసు ముక్కలు బయట్నుంచి మాత్రమే తగిలేలా క్యాబిన్లో ఒక మూల ఉంచేవాడు. పూటపూటకీ ఆ తువ్వాలు తడిపేవాడు. బోటు మీద పనిచేసే కళాసీలు ఆ డబ్బాని "సరంగు కొత్త పెళ్లాం" అని ఏడిపించేవాళ్లు. "పాత పెళ్లాం తిడతాది, ఇది పొడుత్తాది, తేడా అదొక్కటే" అనేవాడు ఆయన.

అప్పట్నుంచే ఆయనకి షుగర్ మిషన్ పిచ్చి పట్టుకుంది. చొక్కా జేబులో బీడీ కట్ట ఉండే చోట ఆ మిషన్ ఉండేది. జెట్టీ మీద ఎవరైనా కాస్త నీరసంగా కనిపిస్తే చాలు, "ఏదీ, ఏలియ్యి" అనేవాడు. వాళ్లు భయపడితే, "మీ నాన్నకుందా? మీ అమ్మకుందా? మరి నీకు రాదని రాసిచ్చినారేటి?" అనేవాడు. ఏ ఇంట్లో ఏ తరంలో ఎవరికుందో ఆయనకి నోటికొచ్చు. ఫలానా వాళ్లకి తండ్రి వైపు నుంచి, ఫలానా వాళ్లకి రెండు వైపుల నుంచీ అని లెక్క చెప్పేవాడు. రెండు వైపుల నుంచీ ఉందంటే గొంతు తగ్గించేవాడు.

మా ఇల్లు ఆ రెండో రకం. మా అమ్మకి షుగర్ వల్ల చూపు పోయింది. మా నాన్న వైపు కూడా ఇద్దరు ముగ్గురికి ఉండేది. అయినా మా అన్నయ్యా నేనూ ఎప్పుడూ పరీక్ష చేయించుకోలేదు. అన్నయ్యని బావ ఎన్నోసార్లు అడిగాడు. "నాకేటీ నేదు. తింతన్నాను, తొంగుంతన్నాను, పని సేత్తన్నాను. నాకేటి రోగం?" అని అన్నయ్య లేచిపోయేవాడు. నేనైతే ఏదో ఒక పని చెప్పి తప్పించుకునేవాణ్ణి. నిజానికి భయం.

ఇక ఆ పెళ్లి సంగతి. అది చెప్పకుండా బావ గురించి రాస్తే అబద్ధం రాసినట్టే.

బావకి ఒక్కతే కూతురు. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివి, గాజువాకలో ఒక ల్యాబ్‌లో పనిచేస్తోంది. నాకు ఒక్కడే కొడుకు. అచ్యుతాపురంలో మందుల కంపెనీలో షిఫ్టు ఉద్యోగం. వాళ్లిద్దరికీ పెళ్లి అని మా అమ్మ వాళ్ల చిన్నప్పట్నుంచీ అనేది. పిల్లలు అవునన్నదీ లేదు, కాదన్నదీ లేదు. కరోనాకి రెండేళ్ల ముందు, ఒక ఆదివారం బావ ఇంట్లో అందరం భోజనాలకి కూర్చున్నప్పుడు, అమ్మ మనవరాలి చెయ్యి తడిమి పట్టుకుని, "ఒరే అల్లుడా, నా కళ్లకి కనపడకపోయినా పర్నేదు, నా సెవులకి ఆ బాజాలు ఇనపడాల" అంది.

బావ అన్నం కలుపుతున్నవాడు ఆగిపోయాడు. "వొద్దత్తా" అన్నాడు.

"వొద్దేటి?"

"పిల్లనివ్వను. మీ ఇంట్లో ఉంది, మా ఇంట్లో ఉంది. మా నాన్న కాలు సూసినాను, నీ కళ్లు సూత్తన్నాను. ఆళ్లిద్దరికీ పుట్టీ గుంటలకి నాను ఎరిగెరిగీ ఇదంతా మూట కట్టి ఇవ్వలేను."

అమ్మ మనవరాలి చెయ్యి వదిలేసి, తన కంచం ఎక్కడుందో వెతుక్కుంది. నాకు ఒళ్లు మండిపోయింది. "మావాడికి ఉజ్జోగం సాల్నేదని సెప్పు. సుగరు మీద పెట్టకు" అన్నాను. చెయ్యి కడుక్కుని, అమ్మని లేపుకుని వచ్చేశాను. అక్క వీధి చివరి వరకూ వెనకాల వచ్చింది. బావ రాలేదు.

మూడేళ్లు ఆయనతో మాట్లాడలేదు. ఆ మధ్యలోనే అమ్మ పోయింది. బావ వచ్చాడు, పాడె ఒక కొమ్ము పట్టాడు, చివరిదాకా ఉన్నాడు. నేను మొహం తిప్పుకున్నాను. అప్పుడు ఆయన ఏదో చెప్పబోయి మానేశాడు. ఆ మాట ఏమిటో తర్వాతైనా అడగాల్సింది. అడగలేదు.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు మా అన్నయ్యకీ నాకూ రెండు రోజుల తేడాలో జ్వరం మొదలైంది. అన్నయ్యకి నాలుగో రోజుకే ఆయాసం. మంచం దొరకడానికి ఒక పూట పట్టింది. చేర్చుకున్నాక రక్తం తీసి చూస్తే షుగర్ నాలుగు వందలు దాటి ఉంది. ఎన్నేళ్లుగా అలా ఉందో ఎవరికి తెలుసు? "సార్‌కి షుగర్ ఉన్నట్టు ముందే తెలిస్తే బాగుండేది" అన్నారట అక్కడివాళ్లు. ఐదో రోజు అన్నయ్య చనిపోయాడు. చివరి చూపుకి కూడా నేను వెళ్లలేని స్థితిలో ఇంట్లో పడున్నాను.

ఆ మర్నాడు పొద్దున్న మా ఇంటి గేటు చప్పుడైంది. మా ఆవిడ కిటికీలోంచి చూస్తే, గేటు మీద ఒక సంచీ వేలాడుతోంది. రోడ్డుకి అవతల కరెంటు స్తంభం పక్కన, రెండు మాస్కులు, వాటి మీద హెల్మెట్టు పెట్టుకుని మా బావ నిలబడి ఉన్నాడు. నేను గోడ పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చి, "ఎందుకొచ్చినావ్?" అన్నాను.

"నీ కోసం రానేదు. మా సెల్లెమ్మకి మిషను సూపిద్దామని వొచ్చినాను" అన్నాడు, వీధంతా వినపడేలా.

సంచీలో ఆయన షుగర్ మిషన్, సూదులు, దూది ఉన్నాయి. మా ఆవిడ వాటిని కిటికీ గట్టు మీద పరిచింది. రోడ్డుకి అవతల నుంచి ఆయన పాఠం చెప్పాడు. "ఏలు కొసకి గుచ్చకమ్మా, పక్కకి గుచ్చు, నొప్పి తక్కువ. గట్టిగా పిండకు. సుక్క దానంతటదే రానీ. ఎంతొచ్చింది? ఎంత? మూడొందల డెబ్బయ్యా?" అని ఆగిపోయాడు. ఆ హెల్మెట్టు వెనక మొహం కనపడలేదు గానీ, చెయ్యి వెళ్లి ఆ స్తంభాన్ని పట్టుకోవడం చూశాను.

నాకు మందులు రాస్తున్న డాక్టరు ఫోన్లో దొరికేదాకా ఆయన అక్కణ్నుంచి కదల్లేదు. నేను అప్పటికే స్టెరాయిడ్ మాత్రలు వేసుకుంటున్నాను. వాటితో షుగర్ ఇంకా ఎక్కుతుందని, ఉన్న సంగతి తెలియకపోతే ప్రమాదమని డాక్టరు చెప్పాడు. ఇన్సులిన్ ఎంత ఇవ్వాలో డాక్టరు చెప్తే, అది కొనుక్కొచ్చి ఎలా ఇవ్వాలో మా బావ చూపించాడు. రోడ్డు మీద నిలబడి చొక్కా ఎత్తి, తన పొట్ట చర్మం రెండు వేళ్లతో పట్టుకుని, "ఇదిగో, ఇలగ పట్టుకోమ్మా" అన్నాడు. ఎదురింటి వాళ్లు కిటికీలు తీసి చూశారు. అంత జ్వరంలోనూ నాకు నవ్వొచ్చింది.

పద్దెనిమిది రోజులు, రోజుకి రెండుసార్లు వచ్చాడు. అక్క ఫోన్లో ఆయన మీద అరవడం మాకు వినపడేది. "నీకూ సుగరే కదా, నీకొత్తే ఏటి గతి?" అని. "దూరంగానే ఉన్నాను కాదేటి" అనేవాడు. నా అంకెలు తగ్గుముఖం పట్టాక ఒక రోజు రాలేదు. మర్నాడు కూడా రాలేదు. ఆయనకీ అక్కకీ జ్వరం అంటుకుంది.

మా గేటు దగ్గరే అంటుకుందా, హార్బర్లో అంటుకుందా అన్నది ఎవరూ తేల్చలేరు. "హార్బర్లోనే బావ, ఒట్టు" అనేవాడు ఆయన. నాకు ఈ రోజుకీ ఆ అనుమానం పోలేదు. ఆయన మాత్రం ఇంట్లోనే ఉండి, రోజుకి నాలుగుసార్లు షుగర్ చూసుకుంటూ, రెండు వారాల్లో లేచాడు. దగ్గు ఒక నెల ఉంది, అంతే.

నా బుర్రలో ఒకటే ప్రశ్న తిరిగేది. ఏళ్ల తరబడి షుగర్ ఉన్న మనిషి లేచి నిలబడ్డాడు, ఏ రోగమూ లేదనుకున్న మా అన్నయ్య ఐదు రోజుల్లో పోయాడు. ఇద్దరిదీ సగం ఒకే రక్తం. కోలుకున్నాక ఇద్దరం కలిసి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు అడిగేశాను.

ఆయన పెద్దాయన, నెమ్మదిగా చెప్పాడు. షుగర్ అదుపులో లేకపోతే ఒంటికి వైరస్‌తో పోరాడే శక్తి తగ్గుతుంది. మీ అన్నయ్యది అసలు ఎవరూ పట్టించుకోని షుగర్, మీ బావది రోజూ కొలుచుకునే షుగర్, ఆ తేడా చాలా పెద్దది. అది కాక, ఒకే వైరస్ ఒకరికి జలుబులా వచ్చి పోవడం, ఇంకొకరి ప్రాణం తియ్యడం వెనక పుట్టుకతో వచ్చే తేడాలు కూడా కొన్ని ఉంటాయి. "అవేమిటో మాకు కొంత తెలుసు. చాలా తెలీదు" అన్నాడు.

బయటికొచ్చాక బావ, "తెల్దని సెప్పినాడు సూసినావా, ఈ డాక్టర్ని ఒగ్గొద్దు" అన్నాడు.

ఆ సాయంత్రం సముద్రం పక్కన కాసేపు నడిచాం. నా కాళ్లలో ఇంకా బలం లేదు, పది అడుగులకోసారి ఆగుతున్నాను. ఆగినప్పుడల్లా ఆయనా ఆగుతున్నాడు. ఒక చోట, నా వైపు చూడకుండా, "మీ అమ్మ అడిగినప్పుడు అలగ అనకుండా ఉండాల్సింది బావ" అన్నాడు. "అందరి ముందు, ఆవిడ కళ్ల గురించి... ఆ మాట నోట్లోంచి ఎలగొచ్చిందో తెల్దు. బయపడిపోనాను. అంతకి ముందు వారమే మీ మేనకోడల్ని అడిగినాను. నాన్నా, మేనరికం వల్లే సుగరు వొచ్చీయదు, రెండేపులా ఉంటే ఎక్కువ వొత్తాది, తిండీ నడకా సరిగ్గా ఉంటే ఆపుకోవచ్చు అంది. అది సదువుకున్న గుంట, అది సెప్పిందే సరైనదేమో. నాను ఇననేదు. మా నాన్న కాలు కోసీసిన రోజు నాను అక్కడున్నాను బావ."

చెయ్యి ఆయన భుజం మీద వేశాను. నడవలేక వేశాననుకున్నట్టున్నాడు, నా నడుము పట్టుకున్నాడు.

పెళ్లి మాట మళ్లీ ఎవరం ఎత్తలేదు. పిల్లలిద్దరికీ వేరే సంబంధాలు కుదిరాయి, ఇద్దరూ సుఖంగానే ఉన్నారు. కానీ అన్నయ్య పోయాక బావ మొదట చేసిన పని మావాడిని పిలిచి వేలు గుచ్చడం. ఇరవై ఎనిమిదేళ్లకే వాడిది గీత మీద ఉంది. ఇంకా షుగర్ కాదు, మామూలూ కాదు. వాడు డీలాపడిపోయాడు. మర్నాటి నుంచి బావ ఒడ్డున ఉన్న రోజుల్లో వాడి షిఫ్టు చూసుకుని, పొద్దున్నో సాయంత్రమో వచ్చి నడకకి తీసుకెళ్లేవాడు. వాడు బద్ధకించి పడుకుంటే మంచం పక్కన కూర్చునేవాడు, ఒక్క మాట అనేవాడు కాదు. ఆ మౌనం భరించలేక వాడే లేచేవాడు. "ఎందుకు బావ నీకీ తిప్పలు?" అన్నానొకసారి. "ఆడికి నాను పిల్లనివ్వనేదు. ఆడి కాళ్లయినా కాపాడనీ" అన్నాడు. మావాడి అంకెలు ఇప్పుడు మామూలుగా ఉన్నాయి.

ఇంకో సంగతి. రెండేళ్ల కిందట వైద్య కాలేజీ వాళ్లెవరో హార్బర్‌కి వచ్చారు. కరోనా ఎవరికి ఎక్కువ ముదిరింది, ఎందుకు ముదిరింది అని కుటుంబాల వారీగా రక్తం తీసుకుని పరీక్షిస్తారట. మా వాళ్లు భయపడ్డారు. రక్తం ఎక్కడికో అమ్ముకుంటారని పుకారు. బావ వాళ్లని బోటు పక్కన కుర్చీలేసి కూర్చోబెట్టి, ఒకటికి పది ప్రశ్నలు వేశాడు. "మా సావు ఎప్పుడో సెప్తారా?" అనీ అడిగాడు. చెప్పం, మీకు విడిగా ఏ ఫలితమూ రాదు, అందరిదీ కలిపి చూస్తాం అన్నారు వాళ్లు. కాసేపు ఆలోచించి చెయ్యి చాపాడు. తర్వాత మా ఇంటికొచ్చి, "మీ అన్నది ఇప్పుడు దొరకదు కదా బావ. నీదిచ్చీ" అన్నాడు. ఇచ్చాను. దాంట్లో ఏం తేలిందో, అసలు తేలిందో లేదో మాకు తెలియదు.

కిడ్నీలు దెబ్బతిన్నాయని తెలిశాక వేటకి వెళ్లడం మానేశాడు. ఊరికే ఉండలేక రోజూ హార్బర్‌కి వెళ్లి, వలలు బాగుచేస్తూ కూర్చునేవాడు. కూతురు పురిటికి ఇంటికొచ్చింది. కడుపుతో ఉండగా దానికీ షుగర్ కనపడింది. రెండు వైపుల నుంచీ ఉన్న ఇల్లు కదా. తండ్రీ కూతుళ్లు ఒకరి వేలు ఒకరు గుచ్చుకుంటూ, ఎవరికి తక్కువొస్తే వాళ్లు గెలిచినట్టు ఆడుకునేవాళ్లని అక్క చెప్పింది. దానిదే ఎప్పుడూ తక్కువ. ఆయనకి ఓడిపోవడం అంత ఇష్టంగా ఉండడం ఎప్పుడూ చూళ్లేదంది.

ఆ రోజుల్లోనే ఆయనకి జ్వరం మొదలైంది. ఇంట్లో నిండు చూలాలు. అక్కతో, "బోటు ఇంజను పని ఉంది, రెండ్రోజులు అక్కడే తొంగుంతాను" అని చెప్పి దుప్పటి తీసుకుని హార్బర్‌కి వెళ్లిపోయాడు. నిజంగానే ఒక బోటు రిపేరులో ఉంది, ఓనరుకి ఈయనంటే గౌరవం. అందుకని ఎవరికీ అనుమానం రాలేదు. రెండో రోజు మధ్యాహ్నం డ్యూటీ దిగి, సరదాగా పలకరిద్దామని నేను వెళ్లాను. క్యాబిన్ తలుపు దగ్గర దుప్పటి కప్పుకుని కూర్చుని ఉన్నాడు. నేను బోటులోకి కాలు పెట్టబోతే చెయ్యెత్తి ఆపాడు.

"రాకు బావ. జొరం. నీకూ సుగరే."

"ఎన్నాళ్ల నుంచి?"

"మూడ్రోజులు." ఆ ఒక్క మాట అనడానికి మధ్యలో ఊపిరి తీసుకోవాల్సొచ్చింది.

"మాకందరికీ దాయొద్దని సెప్పి, నువ్వు దాత్తావా?" అని అరిచాను.

"గుంటకి అంటుకుంటే?" అన్నాడు. అంతే అన్నాడు.

నేను ఆగలేదు. జేబురుమాలు మొహానికి కట్టుకుని ఎక్కేశాను. ఒళ్లు కాలిపోతోంది. అన్నం సరిగ్గా తినకుండానే ఇన్సులిన్ తీసుకుంటూ, షుగర్ పడిపోతే బెల్లం ముక్క నోట్లో వేసుకుంటూ, మళ్లీ ఎక్కితే మళ్లీ పొడుచుకుంటూ రెండు రోజులు ఒక్కడే నెట్టుకొచ్చాడు. పక్క బోటు వాళ్లు సాయం పట్టారు. ఆటోలో ఆయన తల నా భుజం మీద వాలింది. ఎంత తేలికైపోయాడో అప్పుడు తెలిసింది.

ఆస్పత్రిలో ఎనిమిది రోజులు. మొదటి మూడు రోజులూ బాగానే ఉన్నట్టనిపించింది. తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరింది, కిడ్నీలు మొరాయించాయి, ఐసీయూలోకి మార్చారు. ఐదో రోజు కూతురికి నొప్పులొచ్చాయి. ఆపరేషన్ చేసి ఆడపిల్లని తీశారు. ఆ కబురు చెప్తే మాస్కు పక్కకి లాగి, "తల్లికి సుగరెంత?" అన్నాడు. బాగుందన్నాను. "పాపకి?" అన్నాడు. పాపకీ చూశారు, బాగుందన్నాను. అప్పుడు, "ఎవరి పోలిక?" అని అడిగాడు. అందరూ ముందు అడిగే ప్రశ్న ఆయన మూడోది అడిగాడు.

ఏడో రోజు సాయంత్రం నన్ను ఐదు నిమిషాలు లోపలికి పంపారు. మా మేనకోడలు తన ఆస్పత్రి మంచం మీంచి పాపని వీడియోలో చూపిస్తానంది. నర్సమ్మ ఒప్పుకుంది. నేను ఫోను ఆయన మొహానికి దగ్గరగా పట్టుకున్నాను. పాప తెల్లటి గుడ్డలో చుట్టి ఉంది. ముక్కు మాత్రం కనపడుతోంది, అది కచ్చితంగా మా అక్కదే. "నాన్నా, సూడు" అని మేనకోడలు అంది.

ఆయన చూశాడు. కళ్లు చిట్లించి, దూరంగా సముద్రంలోకి చూసినట్టు చూశాడు. ఊపిరికి మాస్కు లోపల పొగలా పడుతోంది, పోతోంది. మాట్లాడే ఓపిక లేదు. నేను ఫోను కాస్త దగ్గరికి జరిపాను. తెరమీద పాప మొహం ముడుచుకుంది, ఏడుస్తుందనుకున్నాం, ఏడవలేదు. చిన్న నోరంతా గుండ్రంగా తెరిచి, తీరిగ్గా ఆవలించింది.

మాస్కు కింద మా బావ కూడా నోరు తెరిచి ఆవలించాడు.